గొడుగు పాటలో చిడతలు

ఒక అనుమానం నన్ను చాలా ఏళ్లుగా వదలడం లేదు. గొడుగు పాట రెండో చరణంలో 'గడుసు గాలీ' అన్న మాట తర్వాత ఒక దెబ్బ రవ్వంత ఆలస్యంగా పడుతుంది. పాట విన్నవాళ్లందరికీ ఆ చోటే ఇష్టం. పిల్లలు అక్కడికి రాగానే గెంతడం ఆపి, ఊపిరి బిగబట్టి, దెబ్బ పడ్డాక మళ్లీ గెంతుతారు. ఆ ఆలస్యం వాయించిన చేతిదా, మోగిన నాదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

నేను ఒక చిడతల జోడీని. ఉన్నది రెండు చెక్కలైనా నేను అనే చెప్పుకుంటాను. రెండు కళ్లు, రెండు చేతులు ఉన్న మనిషి కూడా తనని ఒక్కడిగానే చెప్పుకుంటాడు కదా, అలాగే అనుకోండి.

నేను పుట్టింది చీరాల దగ్గర ఒక నేతగాళ్ల వీధిలో. విరిగిపోయిన మగ్గం కర్రని పొయ్యిలో పెట్టబోతుంటే అందె పున్నయ్య అనే ఆయన అడ్డుపడి, కనకాచారి అనే వడ్రంగి దగ్గరికి పట్టుకుపోయాడు. కనకాచారి నన్ను జానెడు పొడుగున, చేప ఆకారంలో చెక్కాడు. ఒక్కో చెక్కకి రెండేసి కంచు బిళ్లలు కూర్చాడు. వేళ్లు దూరడానికి ఇత్తడి ఉంగరాలు బిగించాడు. చివరికి ఒకసారి మోగించి చూసి, "మగ్గంలో ఉన్నప్పుడూ టకటకే, ఇప్పుడూ టకటకే. దీని రాతలో నోరు మూసుకోవడం లేదు" అన్నాడు.

పున్నయ్య పగలు నేత నేసేవాడు. శనివారం సాయంత్రాలు రామమందిరంలో భజన నడిపించేవాడు. పక్కింటి చెంచయ్య డోలక్ వాయించేవాడు. ఇద్దరి ఇళ్లకీ మధ్య గోడ ఒక్కటే, మగ్గాల గుంటలు గోడకి అటూ ఇటూ ఉండేవి. నా చోటు పున్నయ్య ఇంట్లో దేవుడి పటాల పక్కన మేకు మీద. స్నానం చెయ్యకుండా నన్ను ఎవరూ ముట్టుకునేవారు కాదు. నాకు అంత మర్యాద ఎందుకో మొదట్లో అర్థమయ్యేది కాదు. తర్వాత అలవాటైపోయింది. మర్యాదకి అలవాటుపడడం మనుషులకే కాదు, చెక్కలకి కూడా తేలికే.

ఒక కార్తీక మాసంలో ఏకాహం పెట్టారు. ఒక పగలూ ఒక రాత్రీ రామనామం తెగకుండా సాగాలి. తెల్లారి, హారతికి ఇంకో గంట ఉందనగా వేటపాలెం నుంచి ఒక మనిషి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మొహం చూడగానే చావు కబురని తెలిసింది. పున్నయ్య నన్ను మోగిస్తూనే కళ్లతో ఆగమన్నాడు. ఆ మనిషి గంటసేపు అరుగు మీద కూర్చున్నాడు. హారతి అయ్యాక పున్నయ్య నన్ను చెంచయ్య చేతికిచ్చి, బయటికి పోయి, దాయాది ఒకాయన పోయాడన్న మాట విని, బావి దగ్గర తలమీద నీళ్లు పోసుకున్నాడు.

అప్పటికి పెళ్లీడుకొచ్చిన కొడుకు భావన్నారాయణ ఇదంతా చూస్తున్నాడు. పున్నయ్య తడి బట్టలతోనే అతనికి చెప్పాడు. "చెవిన పడేదాకా మైల లేదురా భావన్నా. పడ్డాక మట్టుకు పది రోజులు దేవుడి వస్తువు ముట్టకూడదు."

"పోయినాయన గంట ఆగితే లేచొస్తాడా, గంట ముందు వింటే లేచొస్తాడా" అన్నాడు చెంచయ్య. అందరూ నవ్వారు. ఆ మాటలో తప్పేమీ కనబడలేదు.

భావన్నకి మగ్గం మీద మనసు లేదు. ఏ వస్తువు చేతికిచ్చినా తాళం వేసేవాడు. మద్రాసులో సినిమా పాటలకి వాయించేవాళ్లు కావాలని ఎవరో చెబితే పోతానన్నాడు. పున్నయ్య కాదనలేదు. నన్ను మేకు మీదనుంచి తీసి గుడ్డలో చుట్టి కొడుక్కి ఇచ్చాడు.

"సినిమాల్లో మోగించొచ్చా నాయనా వీటిని" అని అడిగాడు భావన్న.

"యాడన్నా మోగించు. ఆయన వినని చోటుందా? మైలలో మట్టుకు ముట్టుకోబాకు. అంతకన్నా నేను చెప్పేదేం లేదు."

మద్రాసులో మూడేళ్లు నేను సంచిలోంచి బయటికి రాలేదు. భావన్న కోడంబాకంలో ఒక గదిలో ఉండేవాడు. ఆ గదిలో రెండోవాడు గేబ్రియేలు, అకార్డియన్ వాయించేవాడు. శాంతోమ్ వైపువాడు. తమిళం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. నెలలో రెండు మూడు రోజులు పని దొరికేది. భావన్నకి వెనక వరసలో గిలక్కాయలో, గజ్జెలో ఇచ్చేవారు. రోజూ పొద్దున స్నానం చేసి, నన్ను తీసి కళ్లకద్దుకుని, మళ్లీ సంచిలో పెట్టేవాడు. గేబ్రియేలు తన మంచం దగ్గర మరియమ్మ బొమ్మకి దణ్ణం పెట్టుకునేవాడు. ఇద్దరూ ఒకరి దేవుణ్ణి ఒకరు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

అరవై నాలుగో అయిదో సంవత్సరం, మళ్లీ కార్తీకమే. మద్రాసులో వానలు పట్టుకున్నాయి. పెంచలరావు మాస్టారని నెల్లూరు వైపు సంగీత దర్శకుడు ఒక హుషారు పాట కట్టాడు. హీరో హీరోయిన్లు వానలో సైకిలు మీద పోతుంటే గాలికి గొడుగు తిరగబడుతుంది, అంతే కథ.

'గడుసు గాలీ, గడుసు గాలీ, మా గొడుగు తిరగేసి పోతావా' అని పల్లవి.

ఆ పాటకి బొంగోలు, గిటారు, అకార్డియన్, పన్నెండు వయొలిన్లు, వీటన్నిటి మీద గలగలలాడుతూ ఒక టాంబురిన్. రిహార్సల్ రోజున వాన తేమకి టాంబురిన్ చర్మం వదులైపోయి దబదబమంది.

"దీనికి జలుబు చేసింది" అన్నాడు మాస్టారు. "గలగలమనేది ఇంకేదన్నా ఉందా ఎవరి దగ్గరైనా?"

భావన్న కాసేపు తటపటాయించి సంచిలోంచి నన్ను తీశాడు. వయొలిన్ల వాళ్లు ముసిముసిగా నవ్వారు. "హరికథ మొదలెడదామా మాస్టారూ" అన్నాడొకడు. మాస్టారు మోగించమని చెయ్యి ఊపాడు. భావన్న భజనలో రెండో కాలం నడక ఎత్తుకున్నాడు. అది ఆ పాటకి చక్కగా అతికింది.

మాస్టారు చిటికెడు నశ్యం పీల్చాడు. "రేకుల కప్పు మీద చినుకులు పడ్డట్టుంది. ఇదే కావాలి. నీ పేరేంటి నాయనా?"

మూడేళ్లుగా ఆయన దగ్గరే వాయిస్తున్నాడు. అయినా భావన్న పేరు చెప్పాడు.

"రేపు ఇది బాగా కుదిరితే ఇక నుంచి నా ప్రతి పాటకీ నువ్వుంటావు" అన్నాడు మాస్టారు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి రికార్డింగు మొదలైంది. ఆ రోజుల్లో పాడేవాళ్లూ వాయించేవాళ్లూ అంతా ఒకేసారి చెయ్యాలి. ఒకరు తప్పితే అందరికీ మళ్లీ మొదటినుంచి. మాస్టారుకి ఒక నమ్మకం ఉండేది. నవ్వుతూ వాయించకపోతే మైకు కనిపెడుతుందని. అందుకని హాల్లో ముప్ఫై మంది మగాళ్లు, వయసు మళ్లినవాళ్లతో సహా, గోడల్ని చూస్తూ నవ్వుతూ వాయిస్తున్నారు.

పదకొండింటికి టీ ఇచ్చారు. గేబ్రియేలు ఆ పూట వాన వల్ల ఆలస్యంగా వచ్చాడు; మొదటి రెండుసార్లూ అతను లేకుండానే, మైకులు సరిచూసుకోవడానికి వాయించారు. వస్తూనే భావన్నని పక్కకి పిలిచి జేబులోంచి ఒక టెలిగ్రాం తీశాడు. "రూముకి వచ్చిందప్పా. నీ పేరు."

ఇప్పటివాళ్లకి చెబితే నవ్వుతారేమో. అప్పట్లో మా వీధిలో టెలిగ్రాం మనిషి సైకిలు దిగితే చాలు, కాగితం ఎవరిదో తెలియకముందే ఏడుపు మొదలయ్యేది. టెలిగ్రాం అంటే చావే. మరో దానికి అంత ఖర్చు ఎవరు పెడతారు. భావన్న కాగితం వైపు చూశాడు, ముట్టుకోలేదు. ఇంట్లోనే ఉండే పెద్దమ్మకి, అంటే పున్నయ్య వదినకి, ఎనభై దాటాయి. వినాయక చవితి నుంచి మంచం దిగడం లేదని నాయన కార్డు రాశాడు.

"మా పెద్దమ్మ పోయినట్టుంది" అన్నాడు.

"విప్పి చూడు."

"ఇప్పుడు కాదు గేబ్రియేలూ. విప్పితే మైల. మైలైతే వీటిని ముట్టకూడదు. పాట ఆగిపోద్ది."

గేబ్రియేలు నన్ను చూశాడు, కాగితాన్ని చూశాడు. "మాకు చావు కబురొస్తే గంట కొడతారు. మీకు చెక్కలు ఆపాలా?" కాగితం మడత దగ్గర వేలు పెట్టాడు. "సరే, నేను చదువుతా. నీకు చెప్పను."

"నీ మొహం చూస్తే తెలిసిపోద్ది. నువ్వు నవ్వుతూ వాయించాలి కదా."

గేబ్రియేలు కాగితాన్ని అతని చేతిలో పెట్టాడు. భావన్న ఆ కాగితాన్ని మడత విప్పకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అందులో స్వార్థం లేదని నేను అనను. కానీ నాయన ముందు నిలబడి అడిగినా అదే చెయ్యమనేవాడని అతను నిజంగా నమ్మాడు. ఆ జేబు నాకు మూరెడు దూరంలో ఉంది.

మూడోసారి గాయని దగ్గింది. నాలుగోసారి గిటారు తీగ తెగింది. ఐదోది చివరిదాకా బాగా వచ్చి, మైకులో బయటి ఉరుము పడింది. ఆరోసారి వయొలిన్లు తొందరపడ్డాయి. హాల్లో గడియారం రెండు కొట్టింది. మధ్యాహ్నం బండి వెళ్లే వేళ అది. చీరాలకి రాత్రి ఎనిమిదింటికి చేరుస్తుంది. అప్పుడు ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు.

తొమ్మిదోసారి అంతా కుదిరింది. రెండో చరణంలో 'గడుసు గాలీ' దగ్గర భావన్న చెయ్యి ఎత్తినప్పుడు జేబులో కాగితం చిన్నగా చప్పుడు చేసింది. దెబ్బ పడాల్సిన చోట పడలేదు. ఒక రవ్వ తర్వాత పడింది. అతను నవ్వుతూనే ఉన్నాడు. అందరూ మాస్టారు వైపు చూశారు. ఆయన ఆపలేదు, చెయ్యి తిప్పుతూనే ఉన్నాడు. పాట అయ్యాక, "ఆ గాలి దగ్గర భలే ఆగావు. గొడుగు తిరగబడ్డట్టే ఉంది. అది ఉండనీ" అన్నాడు. మూడున్నర అయింది.

భావన్న నన్ను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టి, సంచి గేబ్రియేలుకిచ్చాడు. పెరట్లో కుళాయి దగ్గరికి పోయి, స్నానానికి తువ్వాలు భుజాన వేసుకుని, టెలిగ్రాం కూడా అతనికే ఇచ్చాడు. "ఇప్పుడు చదువు."

గేబ్రియేలు ఒకసారి లోపల చదువుకున్నాడు. మళ్లీ చదివాడు.

"పెద్దమ్మ కాదప్పా."

"మరెవరు?"

"నాయన. పోలేదు. ప్రమాదంగా ఉంది, వెంటనే బయలుదేరు అని ఉంది. నిన్న సాయంత్రం ఇచ్చారు."

"టైమెంతయింది?"

"నాలుగు కావస్తోంది."

భావన్న తువ్వాలు మడిచి భుజం మీదనుంచి తీశాడు. కుళాయి కారుతుంటే కట్టేశాడు. చెప్పులు ఎక్కడ విడిచాడో కాసేపు వెతుక్కున్నాడు. అవి కాళ్లకే ఉన్నాయి.

రాత్రి బండికి బయలుదేరి తెల్లారేసరికి ఇంటికి చేరాం. వీధిలో ఒక్క మగ్గం కూడా ఆడడం లేదు. పున్నయ్యని అరుగు మీద పడుకోబెట్టారు. ముందురోజు రాత్రి పదింటికి పోయాడు. పెద్దమ్మ పక్కనే మంచం మీద లేచి కూర్చుని ఉంది. భావన్నని చూసి, "నేను ఎక్కాల్సిన బండి మీ నాయన ఎక్కి పొయ్యాడురా" అంది. ఆవిడ ఆ తర్వాత ఏడేళ్లు బతికింది. అతను ఎప్పుడు కాళ్లకి దణ్ణం పెట్టినా తల ఎత్తి ఆవిడ మొహం చూడలేకపోయేవాడు.

చెంచయ్య భావన్న పక్కన కూర్చుని జరిగింది చెప్పాడు. "ఎనిమిదింటి బండి కూతేసినప్పుడు కళ్లు తెరిచాడురా. వచ్చాడా అన్నాడు. వస్తన్నాడులే అన్నా. తులసి తీర్థం నీ చేత్తోనే పొయ్యాలని పట్టుపట్టాడు. పదింటిదాకా చూశాం. ఇంక నేనే పోశా. నా చెయ్యని తెలిసిందో లేదో, మూతి తిప్పుకోలా." కండువాతో మొహం తుడుచుకుని, "నీ వంతు నేను పోశా. నాకు బాకీ ఉన్నావ్" అన్నాడు. ఏడవమని అనడం చేతకాక అలా అన్నాడనుకుంటాను. భావన్న ఏడవలేదు.

"టెలిగ్రాం ఎప్పుడందింది" అని వచ్చినవాళ్లంతా అడిగారు.

"సాయంత్రం చదివాను" అన్నాడు. అందులో అబద్ధం లేదు.

పది రోజులు నన్ను ఎవరూ ముట్టుకోలేదు. ఎవరో సంచితో సహా తగిలించిన మేకు మీద, నా పాత చోట్లో వేలాడుతూ కిందికి చూశాను. భావన్న చెప్పిన చోట కూర్చున్నాడు, పెట్టింది తిన్నాడు, పిండాలు పెట్టమంటే పెట్టాడు. నొప్పి తెలియకుండా ఉండడం ఎలాగో నాకు పుట్టుకతో వచ్చింది. ఒక మనిషి దాన్ని అంత తొందరగా నేర్చుకోవడం చూస్తే నాకు వింతగా అనిపించింది. పదకొండో రోజు పుణ్యాహవచనం నీళ్లు నా మీద చల్లారు. నేను శుద్ధమయ్యానన్నారు. ఏ మైల అంటింది, ఏది కడిగారు అని దేవుణ్ణి అడగాలనిపించింది. ఆచారాన్ని తప్పుపట్టేంత తెలివి నాకు లేదు. పున్నయ్య ఆ మాట మంచికే చెప్పాడు, కొడుకు మంచిగానే పాటించాడు. ఇద్దరి మంచీ కలిస్తే ఇలా ఎందుకైందో మాత్రం నాకు అందదు.

రెండు నెలలకి పాట బయటికొచ్చింది. పెళ్లిళ్లలో, తిరునాళ్లలో, టూరింగు టాకీసు మైకులో అదే. మాస్టారు మాట నిలబెట్టుకున్నాడు. భావన్నని ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్లు మేమిద్దరం వందల పాటలు నవ్వుతూ వాయించాం. కచేరీల్లో గొడుగు పాట వచ్చినప్పుడు జనం ఆ ఆలస్యం కోసం కాచుకునేవారు. భావన్న మాత్రం దెబ్బని సరిగ్గా తాళం మీదే వేసేవాడు. జనం కొంచెం నిరాశపడేవారు. కొత్తగా వచ్చిన గాయకుడొకడు, "గురువుగారూ, ఆ దెబ్బ మర్చిపోయారా" అని అడిగితే, "వయసైందిలే నాయనా" అన్నాడు. అప్పటికి నలభై నిండలేదు.

ఊరికి ఏటా నాయన తద్దినానికి పోయేవాడు. చెంచయ్య మగ్గం గుంటలోంచే పలకరించేవాడు. "నీ పాట రేడియోలో వస్తే నాకు పని తేలికరా. పోగు పట్టుకుని నాడె అటూ ఇటూ దానంతటదే పోద్ది. ఆ గాలి దగ్గర మట్టుకు పోగు తెగుద్ది." భావన్న నవ్వేవాడు. మైకు కనిపెట్టలేని నవ్వు అది, నేను కనిపెట్టేవాణ్ణి. చెప్పాలని నోరు తెరిచిన సంవత్సరాలున్నాయి. ఎవరో ఒకరు రావడమో, బండి వేళ కావడమో జరిగేది.

తర్వాత స్టూడియోలకి ఒక పెట్టె వచ్చింది. మీట నొక్కితే వయొలిన్, ఇంకో మీటకి బొంగో, ఇంకో మీటకి నాలాంటి గలగల. ఆ గలగల ఎప్పుడూ ఆలస్యం కాదు. గేబ్రియేలు అకార్డియన్ చర్చికిచ్చేసి శాంతోమ్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. మాస్టారు కాలం చేశాడు. భావన్నకి పని తగ్గింది. అలాంటి రోజుల్లో ఒక కార్డు వచ్చింది. చెంచయ్య ఎవరిచేతో రాయించింది. 'పడకేశాను. తొందరేం లేదు. ఆలస్యం మట్టుకు చెయ్యబాకు.'

భావన్న గుమ్మం దగ్గర నిలబడే చదివాడు. స్నానం చేశాడు, నన్ను సంచిలో వేసుకున్నాడు. మధ్యాహ్నం బండి ఎక్కాం.

చెంచయ్యకి పిల్లలు లేరు. భార్య ఎప్పుడో పోయింది. తమ్ముడి కోడళ్లు చూసుకుంటున్నారు. మనిషి ఎండిపోయాడు కానీ నోరు మామూలుగానే ఉంది. "వచ్చావా. మీ ఆవిడ తిట్టుకుంటా ఉంటదే, పనీపాటా లేకుండా పొయ్యాడని."

"పనీపాటా నిజంగానే లేవు బాబాయ్" అన్నాడు భావన్న.

రెండు రోజులు పక్కనే ఉన్నాడు. మూడో రోజు పొద్దున వీధిలో మగ్గాలు మొదలయ్యాక, కోడళ్లు వంటింట్లో ఉండగా, మంచం పట్టె మీద కూర్చుని చెప్పాడు.

"బాబాయ్, నాయన టెలిగ్రాం నాకు ఆ రోజు పదకొండింటికే అందింది."

చెంచయ్య కళ్లు తెరవలేదు. "సాయంత్రం అన్నావే."

"చదివింది సాయంత్రం. పెద్దమ్మ పోయిందనుకున్నా. విప్పితే మైలని జేబులో పెట్టుకున్నా. మధ్యాహ్నం బండికి వచ్చుంటే ఎనిమిదింటికి ఇక్కడుండేవాణ్ణి."

గోడ అవతల, ఇప్పుడు మరెవరిదో అయిన మగ్గం పది పన్నెండు సార్లు ఆడింది.

"ఆ గాలి పాట రోజా?"

"ఆ."

"దానికి ఎన్ని చీరలు నేశాన్రా నేను" అన్నాడు చెంచయ్య. అందులో కోపం లేదు, ఓదార్పూ లేదు. కళ్లు తెరిచి భావన్న వైపు తిరిగాడు. "నేను పోయేది మీ నాయన దగ్గరికే కదా. అడుగుతాడు. ఏం చెప్పమంటావు?"

"విప్పలేదని చెప్పు."

"ఎందుకు విప్పలేదంటే?"

"ఆయన చెప్పినట్టే చేశానని చెప్పు."

చెంచయ్య ఆలోచించాడు. "అది చెప్పనులే. బాధపడతాడు. విప్పలేదని మట్టుకు చెప్తా."

భావన్న వంగి ఆ మంచం పట్టె మీద తల పెట్టుకున్నాడు. భుజాలు కొద్దిగా కదిలాయి. పాతికేళ్లలో నేను చూసింది అదొక్కసారే. చెంచయ్య చెయ్యి ఎత్తబోయి, అందక, ఊరుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఊపిరి బరువైంది. కోడళ్లు వీధివాళ్లని పిలిచారు. ఎవరో పంచపాత్రలో నీళ్లు పోసి రెండు తులసి దళాలు వేసి తెచ్చారు. చుట్టూ నిలబడ్డవాళ్లు, "నువ్వు పొయ్యి అన్నా" అని తమ్ముడి కొడుకుని ముందుకి తోశారు. చెంచయ్య కళ్లు తెరిచి తల అడ్డంగా ఆడించి భావన్న వైపు చూశాడు.

భావన్న ఉద్ధరిణె తీసుకున్నాడు. మొదటిది పెదవుల దగ్గర సగం కారిపోయింది. ఎవరో తుడవబోతే వద్దన్నాడు. రెండోది లోపలికి పోయింది. మూడోదానికి చెంచయ్య గొంతు కదిలింది. మూతి తిప్పుకోలేదు. భావన్న ఉద్ధరిణెని పంచపాత్రలో పెట్టి, తడి చేతిని తువ్వాలుకి తుడుచుకున్నాడు.